పెద్ద జబ్బు పడ్డ అమ్మానాన్నలను మంత్రం వేసేవాళ్ల దగ్గరికి తీసుకుపోయే ముందు: తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్, ములుగు, భూపాలపల్లి, జగిత్యాల, మంచిర్యాల దిక్కు ఇంట్లో పెద్దవాళ్లు మంచాన పడితే ఒక కాలు దవఖానలో, ఒక కాలు దేవుడి దగ్గర ఉంటుంది. తాయెత్తు కట్టేవాళ్లు, పసరు పోసేవాళ్లు, శివసత్తులు, దర్గాల దగ్గర దమ్ము చేసేవాళ్లు, స్వస్థత ప్రార్థనలు చేసే పాస్టర్లు, అందరి దగ్గరికీ జనం పోతారు. పోతారని తెలిసే ఇది రాస్తున్నాం.

బాపుకు పెద్ద జబ్బు. మంత్రం వేసే ఆయన దగ్గరికి తీసుకుపొమ్మని ఇంట్లో అందరూ అంటున్నారు. పోవచ్చా?

పోవచ్చు, నాలుగు గీతలు దాటనంత వరకు. ఒకటి, దవఖాన మందు ఒక్క పూట కూడా ఆగొద్దు. రెండు, ఒక చెంచా తీర్థం తప్ప నోట్లోకి, ముక్కులోకి, కంట్లోకి, చర్మం కింద ఏదీ పోవద్దు. మూడు, ఫలానావాళ్లు చేతబడి చేశారని ఎవరి పేరూ బయటికి రావద్దు. నాలుగు, అప్పు చెయ్యొద్దు, భూమి కుదువ పెట్టొద్దు.

మొక్కు, ముడుపు, దండం, దువా, ప్రార్థన, నెత్తిన చెయ్యి పెట్టి దీవించడం, వీటితో ఒంటికి నష్టం లేదు. భయంతో వారాల తరబడి నిద్రలేని మనిషికి దీవెన తర్వాత కాసేపు కన్ను మూతపడుతుంది. అది చిన్న మేలేం కాదు. నష్టమంతా పై నాలుగు గీతలు దాటిన దగ్గర మొదలవుతుంది. దగ్గరుండి చూసిన కేసుల్లో ప్రాణం మీదికి తెచ్చింది దాదాపు ప్రతిసారీ మొదటిదే: "ఇంగ్లీషు మందు ఆపితేనే నా మందు పనిచేస్తది" అన్న మాట. ఆ మాట వినబడితే కొబ్బరికాయ అక్కడే పెట్టి లేచి రండి.

ఎప్పుడు అసలు పోకూడదు?

మూతి ఒక పక్కకు పోయినా, ఒక చెయ్యి లేవకపోయినా, మాట ముద్దగా వచ్చినా. ఛాతీలో బరువు, చెమటలు. ఊపిరి అందక కూర్చునే నిద్రపోవాల్సి వచ్చినా. నల్లగా తారులాంటి విరేచనం, రక్తం కక్కడం. ఎంత లేపినా లేవకపోవడం. డయాలసిస్ చేయించుకునే మనిషికి ఒక వంతు తప్పి ఆయాసం మొదలైనా. వీటిలో ఏది కనబడ్డా 108. దిష్టి తీయాలంటే అంబులెన్సు వచ్చేలోపు తీయండి, అంబులెన్సును మాత్రం ఆపొద్దు.

పక్షవాతానికి పావురం రక్తం రాస్తే తగ్గుతుందంటారు. నిజమేనా?

లేదు. పక్షవాతం కాలుదో చేతిదో కాదు, మెదడుది. మెదడుకు పోయే రక్తనాళం గడ్డతో మూసుకుపోయినా, చిట్లినా వస్తుంది. చర్మం మీద వెచ్చని రక్తం రాసి రుద్దితే అది మెదడు దాకా పోయే దారి లేదు.

మరి తగ్గినవాళ్లు ఉన్నారు కదా అంటే, ఉన్నారు. కారణాలు రెండు. కొందరికి గడ్డ కొద్ది నిమిషాలకో, గంటకో దానంతటదే కరిగి చెయ్యి మళ్లీ లేస్తుంది. అప్పుడు పేరు పావురానికి పోతుంది. నిజానికి అది పెద్ద స్ట్రోకుకు ముందొచ్చే హెచ్చరిక. ఆ తర్వాతి రెండు రోజులే అన్నిటికంటే ప్రమాదం. ఇక మిగతావాళ్లకు మొదటి మూడు నెలల్లో మెదడు తనకు తానే కొంత కోలుకుంటుంది, ఫిజియోథెరపీ చేయిస్తే ఇంకా బాగా కోలుకుంటుంది. ఆ మూడు నెలల్లో ఏ వైద్యం చేసినా దానివల్లే లేచాడనిపిస్తుంది.

గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఉంది. లక్షణం మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి, అదీ సీటీ స్కాన్ తీసి రక్తస్రావం లేదని తేల్చుకున్నాకే. కొందరికి ఆ గడువు దాటాక కూడా గొట్టం పంపి గడ్డ తీసే అవకాశం ఉంటుంది, ఆ సంగతి పెద్ద ఆసుపత్రి తేల్చాలి. అందుకే మనిషి చివరిసారి మంచిగా ఉన్న టైము కాగితం మీద రాసుకోండి. డాక్టరు అడిగే మొదటి ప్రశ్న అదే. పొద్దున లేచేసరికి చెయ్యి పడిపోయి ఉంటే, రాత్రి పడుకున్న టైము నుంచే లెక్క. దారిలో నీళ్లు, టీ, తీర్థం ఏదీ తాగించొద్దు. మింగే కండరాలు పనిచేయకపోతే అది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది.

ములుగు అవతలి ఊరి నుంచి వరంగల్ రావడానికే ఎంత సేపు పడుతుందో మీకు తెలుసు. పావురాన్ని వెతకడంలో పోయే గంట మళ్లీ దొరకదు.

పచ్చకామెర్లకు పసరు పోస్తే మా ఊళ్లో ఎంతోమందికి తగ్గింది. అమ్మకు పోయిస్తే తప్పేంటి?

ఊళ్లో తగ్గినవాళ్లలో ఎక్కువమంది పిల్లలు, వయసు మగవాళ్లు అయి ఉంటారు. వాళ్లకొచ్చేది ఎక్కువగా కలుషిత నీటితో వచ్చే హెపటైటిస్ ఎ లేదా ఇ. అది పసరు తాగినా తాగకపోయినా చాలామందికి కొన్ని వారాల్లో తగ్గిపోతుంది.

యాభై దాటిన మనిషికి కళ్లు పచ్చబడితే లెక్క వేరు. పిత్తనాళంలో రాయి అడ్డుపడి ఉండొచ్చు, క్లోమ గ్రంథిలో గడ్డ ఉండొచ్చు, కాలేయం గట్టిపడి ఉండొచ్చు. విరేచనం సున్నంలా తెల్లగా రావడం, ఒళ్లంతా దురద, ఆకలి చచ్చి బరువు తగ్గడం ఉంటే దారి మూసుకుపోయిందని అనుమానించాలి. చలి పెట్టి జ్వరం కూడా తోడైతే నాళంలో చీము పడుతున్నట్టు. ఆ రోజే ఆసుపత్రి. ముందు చేయించాల్సింది కడుపు అల్ట్రాసౌండ్, లివర్ ఫంక్షన్ టెస్టు. క్లోమంలో గడ్డ చిన్నగా ఉన్నప్పుడు ఆపరేషన్‌కు వీలుంటుంది. మూడు విడతల పసరు, నలభై రోజుల పథ్యం అయ్యేసరికి ఆ వీలు పోవచ్చు.

ఆ పథ్యంతోనూ నష్టం ఉంది. ఉప్పు, నూనె, పప్పు అన్నీ మాన్పిస్తే ముసలివాళ్లకు రక్తంలో సోడియం పడిపోయి మగత, తడబాటు వస్తాయి. "జబ్బు తలకెక్కింది" అని మళ్లీ మంత్రం దాకా పోతారు.

చేతులు సున్నం నీళ్లతో కడిగితే నీళ్లు పచ్చబడి కామెర్లు దిగినట్టు చూపిస్తారు కదా, అది చేతికి ముందే రాసిన మామిడి బెరడు రసానికీ సున్నానికీ మధ్య జరిగేది. ఇంట్లో దిష్టి నీళ్లలో పసుపు, సున్నం కలిస్తే ఎర్రబడుతుంది, ఇదీ అలాంటిదే. ఏ జబ్బూ లేని మనిషి చేతికి రాసి కడిగినా నీళ్లు పచ్చబడతాయి. కళ్లలో, ముక్కులో పసరు పిండితే నల్లగుడ్డు మీద పుండు పడి చూపే పోవచ్చు.

అమ్మ రాత్రిపూట చనిపోయినవాళ్లతో మాట్లాడుతోంది, మమ్మల్ని గుర్తుపట్టడం లేదు. గాలి సోకిందంటున్నారు.

ఈ ప్రశ్న అడిగే ప్రతి ఇంటికీ ముందు చెప్పేది ఇదే: నిన్నమొన్నటి దాకా మంచిగా ఉన్న పెద్ద మనిషి ఒకటి రెండు రోజుల్లో ఇలా మారితే అది ఒంట్లోంచి వచ్చిన తేడా. డాక్టర్లు డెలీరియం అంటారు. పొద్దున కాస్త తెలివిగా ఉండి, చీకటి పడేసరికి ఎక్కువవుతుంది. అందుకే దయ్యమనిపిస్తుంది.

వెతకాల్సినవి వరసగా ఇవి. షుగరు, ఇంట్లో మిషన్ ఉంటే ఇప్పుడే చూడండి. మూత్రంలో ఇన్ఫెక్షన్, ముసలివాళ్లలో జ్వరం, మంట లేకుండానే రావొచ్చు. సోడియం, ముఖ్యంగా బీపీకి, వాపులకు నీరు పోయే మాత్ర వాడుతుంటే. ఆక్సిజన్, వేలికి పెట్టే ఆక్సీమీటర్ ఏ మెడికల్ షాపులోనైనా దొరుకుతుంది. ఈ మధ్య కొత్తగా మొదలుపెట్టిన నిద్రమాత్ర, దగ్గు సిరప్. మూత్రం బిగుసుకుపోవడం, నాలుగైదు రోజులుగా విరేచనం కాకపోవడం. రోజూ తాగే కల్లో సారానో ఒక్కసారిగా మానేసిన బాపుకైతే రెండు మూడు రోజులకు చేతులు వణికి, లేనివి కనబడతాయి. అది కూడా అత్యవసరమే.

లివరు చెడిన మనిషి అయితే మలబద్ధకమే మత్తులోకి దించుతుంది. వాళ్లకు లాక్టులోజ్ సిరప్ రాసేది రోజుకు రెండు మూడు మెత్తని విరేచనాలు కావడానికి. "మోషన్లు అవుతున్నయి, ఆ మందు ఆపు" అని మంత్రగాడు ఆపిస్తే రెండో రోజుకే మనిషి మత్తులోకి పోతుంది.

వేపమండలతో కొట్టడం, మిరపకాయల పొగ పెట్టడం, జుట్టు పట్టి ఊపడం, వాతలు పెట్టడం జరిగే చోట ఒక్క నిమిషం ఉండొద్దు. ఆయాసం ఉన్న మనిషికి ఆ పొగ చాలు ఊపిరి ఆగడానికి. షుగరున్న కాలికి పెట్టిన వాత మానదు, కుళ్లుతుంది.

నెలలుగా మెల్లగా మతిమరుపు పెరుగుతుంటే, లేదా మనసు బాగాలేక అనుమానాలు, ఏడుపు ఉంటే వేరే దారి: సైకియాట్రీ ఓపీ, లేదా మనసు బాగాలేనివాళ్లకు సాయం చేసే ప్రభుత్వ ఫోను సేవ టెలిమానస్, 14416. ఫోను ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

బాపుకు ఎవరో మందు పెట్టారంట, కక్కిస్తే తగ్గుతుందంట. కక్కించొచ్చా?

వద్దు. తిండిలో "మందు" పెట్టారని, కడుపులో అది ఉండలా కూర్చుందని, కక్కిస్తే బయటికి వస్తుందని మన దగ్గర బలంగా నమ్ముతారు. చిక్కిపోవడం, అన్నం సయించకపోవడం, కడుపులో నొప్పి, వీటికి ఆ పేరు పెడతారు. ఆరు నెలలుగా ఇలా ఉన్న అరవై ఏళ్ల మనిషికి కావాల్సింది ఎండోస్కోపీ, ఛాతీ ఎక్స్‌రే, తెమడ పరీక్ష, షుగరు. కడుపు క్యాన్సర్, టీబీ, చూడకుండా వదిలేసిన షుగరు, మూడూ మనిషిని ఇలాగే ఎండబెడతాయి.

పసరు తాగించాక వాంతిలో వచ్చే ఉండ, వెంట్రుకల చిక్కు, నల్లని ముద్ద చాలాసార్లు తాగించేవాడి వేళ్ల మధ్య నుంచో, తాగిన పసరులోంచో వచ్చినవే. ముక్కుతో, గొట్టంతో పీల్చి తీసేవాళ్లు దాన్ని ముందే బుగ్గన పెట్టుకుంటారు.

అసలు భయం కక్కించడంలో ఉంది. లివరు గట్టిపడ్డవాళ్లకు అన్నవాహికలో రక్తనాళాలు ఉబ్బి ఉంటాయి. గట్టిగా కక్కితే అవి చిట్లి రక్తం ధారగా పోతుంది. పక్షవాతం వచ్చినవాళ్లు కక్కితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గుండెకు, వాపులకు మందులు వాడేవాళ్లకు వాంతులతో పొటాషియం పడిపోయి గుండె లయ తప్పుతుంది. పసరులో ఉమ్మెత్త, గన్నేరు లాంటివి పడితే వేరే చెప్పక్కర్లేదు. గన్నేరు గుండెనే ఆపుతుంది.

ఆయన ఇచ్చిన పొడితో బాపు వారంలోనే లేచి తిరిగాడు, ఆకలి కూడా బాగా వేస్తోంది. ఇంకా అనుమానమెందుకు?

వారంలోనే లేచాడు కాబట్టే. పొట్లాల్లో కట్టిచ్చే పొడుల్లో, పేరులేని మాత్రల్లో స్టెరాయిడ్, నొప్పి మాత్రల పొడి కలిపే అలవాటుంది. స్టెరాయిడ్ పడితే చాలా జబ్బులు రెండు మూడు రోజుల్లోనే తగ్గినట్టు ఉంటుంది: నొప్పి పోతుంది, ఆకలి మండుతుంది, మనిషి హుషారవుతాడు. తర్వాత ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది, కాళ్లకు నీరు చేరుతుంది, షుగరు మూడొందలు దాటుతుంది, నొప్పి మాత్రలతో కిడ్నీ దెబ్బతింటుంది. భస్మాల పేరుతో ఇచ్చేవాటిలో సీసం, పాదరసం ఉండే ప్రమాదం కూడా ఉంది.

ఇది చదివి పొడిని ఠక్కున ఆపేయకండి. మూడు వారాలకు మించి వాడి ఉంటే ఒంట్లో సొంత స్టెరాయిడ్ తయారీ పడుకుని ఉంటుంది. ఒక్కసారి ఆపితే బీపీ పడిపోయి, వాంతులై మనిషి కుప్పకూలొచ్చు. పొట్లం తీసుకుని అదే రోజు ఫిజీషియన్ దగ్గరికి పోండి, ఎలా తగ్గించాలో ఆయన చెప్తారు.

చెట్టు మందు మీదే నమ్మకముంటే వరంగల్‌లో అనంతలక్ష్మి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఆసుపత్రి ఉంది. అక్కడ చదువుకున్న వైద్యులు చూస్తారు, ఏమిచ్చారో చీటీ మీద రాసి ఇస్తారు. మందులో ఏముందో చెప్పనివాడికీ రాసిచ్చేవాడికీ తేడా చాలా పెద్దది.

తాయెత్తు, విభూతి, తీర్థం?

తాయెత్తు కట్టుకోవచ్చు. స్కాన్ గదిలోకి పోయేటప్పుడు తీయమంటే తీయాలి, ఎంఆర్ఐలోకి లోహం పోకూడదు. ఆ సంగతి ముందే అమ్మకు చెప్పి, మళ్లీ కట్టిస్తామని ఒప్పించండి, లేకపోతే గది ముందే గొడవవుతుంది. చేతికి వాపు ఉంటే బిగుతుగా కట్టొద్దు. డయాలసిస్ ఫిస్టులా (డయాలసిస్ కోసం ఆపరేషన్‌తో రక్తనాళాలను కలిపిన చోటు) ఉన్న చేతికి దారం, కడియం, తాయెత్తు ఏదీ వద్దు. విభూతి నుదుటికి పెట్టండి, నోట్లో వెయ్యొద్దు.

తీర్థం ఒక చెంచా పర్వాలేదు. కిడ్నీ జబ్బున్నవాళ్లకు కొబ్బరినీళ్లు మాత్రం గ్లాసుల కొద్దీ పట్టించొద్దు. ఒక గ్లాసులోనే 500 నుంచి 600 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. పాడైన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు, గుండె ఆగే దాకా పోవచ్చు. డయాలసిస్ వాళ్ల విషయంలో ప్రసాదం అరటిపండుకూ ఇదే లెక్క.

మంగళవారం, శుక్రవారం ఒక్కపొద్దు ఉండమన్నారు. షుగరుంది.

ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర గానీ వేసుకుని తినకుండా ఉంటే షుగరు పడిపోతుంది. చెమట, వణుకు, తిక్కతిక్కగా మాట్లాడడం మొదలైతే చూడండి. 70 కంటే తక్కువుంటే మూడు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూడండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యొద్దు, 108కు ఫోన్ చేయండి. అట్లని తినడం లేదు కదా అని ఇన్సులిన్ సొంతంగా పూర్తిగా ఆపేస్తే షుగరు ఎగిరి, వాంతులు, ఆయాసంతో ఐసీయూకి పోయే ప్రమాదముంది. బదులుగా ఒక్కపొద్దు కొడుకో కోడలో ఉండొచ్చా అని అడగండి. చాలామంది ఒప్పుకుంటారు.

ఆయన మంచివాడా, మోసగాడా ఎలా తెలుసుకోవాలి?

ఇంటి నుంచి ఒకరు ముందుగా, రోగి లేకుండా పోయి మూడు మాటలు అడగండి. "దవఖాన మందులు వాడుకుంటనే మీ దగ్గరికి రావొచ్చా?" "మీరిచ్చేది ఏంది, పేరు రాసిస్తరా?" "మొత్తం ఎంతయితది, మళ్లీ మళ్లీ ఏమన్న తేవాల్నా?" మందులు మానొద్దు, దేవుణ్ని మొక్కుకోండి, డాక్టరు దగ్గరికి పోండి అనే పెద్దలు దర్గాల్లో, గుళ్లలో, చర్చీల్లో ఎంతోమంది ఉన్నారు. వాళ్లకు ఈ మూడు ప్రశ్నలకు కోపం రాదు.

మొదట నూటపదహార్లు అని, రెండోసారి నల్లకోడి, మూడోసారి మేక, ఆ తర్వాత పాతికవేల శాంతి పూజ, ఇలా మెట్లు మెట్లుగా ఎక్కితే ఆ మెట్లకు చివర ఉండదు. "మధ్యలో ఆపితే ఇంట్లో ఇంకొకరికి తగులుతది" అన్న రోజు అది బెదిరింపు, వైద్యం కాదు. మొదటిసారి పోకముందే ఇంట్లో అందరూ కూర్చుని ఇంతకు మించి పెట్టేది లేదని ఒక అంకె అనుకోండి. ఆ అంకెను అక్కాబావలకు, చిన్నాయినకు కూడా చెప్పండి. తర్వాత మాట మీద నిలబడడం తేలికవుతుంది.

"మీ పాలివాళ్లే చేయించారు" అని పేరు చెప్పాడు. ఏం చెయ్యాలి?

ఆ మాట ఆ గదిలోనే ఆగాలి. మంత్రాల నెపంతో మనుషుల్ని చంపిన కేసులు మన జిల్లాల్లో పదే పదే నమోదవుతున్నాయి. ముక్కూ మొహం తెలియనివాళ్లను కాదు, పక్కింటి ముసలమ్మను, సొంత పెద్దనాయినను. చాలావరకు ఇలాంటి ఒక పేరుతోనే మొదలవుతాయి. చెప్పినవాడు తర్వాత ఊళ్లో ఉండడు, జైలుకు పోయేది మీ తమ్ముడు.

వెంట వచ్చిన కుర్రవాళ్లను ఆ రోజు ఒంటరిగా వదలొద్దు, తాగనివ్వొద్దు. ఎవరిమీదైనా దాడి జరిగేలా ఉందనిపిస్తే 112కు చెప్పడంలో సిగ్గు లేదు. బాపుకు వచ్చిన జబ్బు పేరేంటో, ఎందుకొస్తుందో డాక్టరు చేత ఇంటి మగవాళ్లందరి ముందు చెప్పించండి. స్కాన్ ఫిల్మ్ వెలుతురులో పెట్టి గడ్డ ఇదిగో అని చూపించిన ఇళ్లలో పాలివాళ్ల మీది అనుమానం చాలావరకు సద్దుమణిగింది.

అమ్మే దవఖాన వద్దంటోంది. దేవుడి దగ్గరికే తీసుకుపొమ్మంటోంది.

వద్దనడం వెనక ఏముందో ముందు వినండి. "పోతే మళ్లీ రాను" అన్న భయమా, మీకు ఖర్చు పెట్టించొద్దన్న బాధా, వార్డులో పక్కమంచం మనిషి పోవడం చూసిందా, సూదులా? చాలామంది తల్లులు డబ్బు మాట బయటికి చెప్పరు, దేవుడి మాట చెప్తారు.

ఆమె నమ్మకంతో వాదం పెట్టుకోకండి. "అమ్మా, అన్నారం షరీఫ్ పోయొద్దాం, ఐనవోలు మల్లన్నకు బోనం కూడా చేద్దాం. నువ్వు పొద్దుటి మాత్ర మాత్రం తప్పొద్దు" అంటే ఇద్దరి మాటా నిలుస్తుంది. ఆమె మాట వినే మనిషి ఎవరో చూడండి, ఒక్కోసారి కొడుకు కంటే ఆమె తమ్ముడి మాట, ఊరి ఏఎన్ఎం (నర్సమ్మ) మాట పనిచేస్తుంది. తెలివిలో ఉన్న మనిషి అన్నీ విన్నాక కూడా వద్దంటే, బలవంతంగా మంచానికి కట్టే హక్కు మనకు లేదు. నొప్పి తగ్గించే వైద్యానికైనా ఒప్పించండి.

మేడారం తీసుకుపోతానని మొక్కుకున్నాం. ఈ పరిస్థితిలో తీసుకుపోవచ్చా?

జాతర రద్దీలో వద్దు. రెండేళ్లకోసారి మాఘమాసంలో జరిగే ఆ జాతరలో బండి ఆగిపోతే గంటల కొద్దీ కదలదు. ఆక్సిజన్ అవసరమైనవాళ్లు, కీమో జరుగుతున్నవాళ్లు (తెల్లకణాలు తగ్గి ఇన్ఫెక్షన్ ఇట్టే పడుతుంది), డయాలసిస్ వాళ్లు అక్కడ ఇరుక్కుంటే తీసేవాళ్లు ఉండరు. నిలువెత్తు బంగారం (మనిషి బరువుకు సరితూగే బెల్లం) ఇంటి దగ్గరే తూచి ఇంకొకరి చేత పంపొచ్చు. జాతర లేని రోజుల్లోనూ గద్దెల దర్శనం ఉంటుంది. వేములవాడ కోడె మొక్కు, కొండగట్టు కూడా అంతే, పానం కుదుటపడ్డాక తీర్చుకుంటామని దండం పెట్టుకోండి.

ఇంత చూశాం, డబ్బుల్లేకనే మంత్రానికి పోతున్నాం. ఇంకేం దారి?

రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ 9 నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షలు. క్యాన్సర్, గుండె, డయాలసిస్, మెదడు ఆపరేషన్లు అందులో ఉన్నాయి. రోగి ఆధార్, ఆహార భద్రత కార్డు, పాత రిపోర్టులు పట్టుకుని ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర కౌంటర్ దగ్గరికి పోండి. డబ్బు కట్టాక పోతే తిరిగి రావడం కష్టం, చేర్పించే ముందే అడగండి. వరంగల్‌లో ఎంజీఎం, కాకతీయ వైద్య కళాశాల ఆవరణలోని సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి, పట్నంలో నిమ్స్, క్యాన్సర్‌కు రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే. ఎక్కడికి పోవాలో తెలియకపోతే 104. టీబీ మందులు ఎక్కడైనా ఉచితం, చికిత్స సాగినన్నాళ్లు తిండికి నెలకు వెయ్యి రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తారు. నెల రోజులకు దగ్గు తగ్గిందని మందు ఆపితే మొండి టీబీ అవుతుంది.

పసరు తాగించామని డాక్టరుకు చెప్తే తిడతారేమో. చెప్పాలా?

చెప్పాలి. తిడితే తిట్టనివ్వండి. ఏమిచ్చారో తెలియకపోతే ఆపరేషన్‌లో రక్తం ఆగకపోవచ్చు, రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లకైతే ఇంట్లో ఉండగానే లోపల రక్తస్రావం కావొచ్చు. మిగిలిన పొడి ఒక చెంచా, ఆకు దొరికితే రెండు ఆకులు కవరులో వేసి, ఏ తేదీన ఎంత ఇచ్చారో చీటీ రాసి పట్టుకుపోండి. లివర్ ఫంక్షన్, క్రియాటినిన్, సోడియం, పొటాషియం చూడమని మీరే అడగండి. రక్తం పలచబడే మాత్ర ఉంటే రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష కూడా.

డాక్టర్లే చేతులెత్తేశారు. ఇప్పుడైనా మంత్రానికి పోవచ్చు కదా?

ప్రార్థనకు పోండి, అమ్మకు ఎక్కడ మనసు నిమ్మళిస్తే అక్కడికి. కానీ "ఇంటికి తీసుకుపోండి" అంటే వైద్యం అయిపోయిందని కాదు. జబ్బు నయం కాకపోయినా నొప్పి, ఆయాసం, వాంతులు, పుండ్లు, భయం తగ్గించే వైద్యం ఉంది, పాలియేటివ్ కేర్ అంటారు. ఎంఎన్‌జేలో ఉంది, జిల్లా కేంద్రాల నుంచి "ఆలన" పేరుతో ఇంటికి వచ్చే బృందాలు ఉన్నాయి. మీ పీహెచ్‌సీలో ఏఎన్ఎం ద్వారా పేరు రాయించండి. క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ మాత్ర గుర్తింపు ఉన్న కేంద్రాల్లో ఇస్తారు. అది చావు మందు కాదు. టైము ప్రకారం వేస్తే మనిషి కూర్చుని మనవడితో మాట్లాడతాడు. దానితో మలబద్ధకం తప్పదు కాబట్టి విరేచనానికి మందు మొదటి రోజు నుంచే అడగండి.

ఈ దశలోనే మోసాలు ఎక్కువ. "నెలలో నిలబెడతా" అన్నవాడికి ఎకరం రాసిచ్చిన కుటుంబాలున్నాయి. సొంత పూచీ మీద డిశ్చార్జి చేయించుకుంటే డిశ్చార్జి సమ్మరీ, స్కాన్ సీడీలు, మందుల చీటీ తీసుకోకుండా గేటు దాటొద్దు. మళ్లీ రావాల్సి వస్తే అవే ఆధారం.

బాపు పోయాడు. ఫలానా ఆయన దగ్గరికి అప్పుడే తీసుకుపోతే బతికేవాడని చుట్టాలు అంటున్నారు.

ఆ మాట దినం దాకా వినబడుతూనే ఉంటుంది. ఎదురు వాదించకండి. రిపోర్టుల్లో జబ్బు ఏ దశలో ఉందో రాసి ఉంటుంది, తలుచుకున్నప్పుడు ఒకసారి డాక్టరును అడిగి చెప్పించుకోండి. నిద్ర పట్టక, తిండి సయించక వారాలు గడుస్తుంటే మీకు కూడా 14416 ఉంది.

మోసపోయాం. ఫిర్యాదు చేస్తే లాభముందా?

ఉంది. డబ్బు తీసుకుని మోసం చేస్తే భారతీయ న్యాయ సంహితలో 318, బెదిరిస్తే 351 సెక్షన్లు వర్తిస్తాయి. కొట్టినా, వాతలు పెట్టినా గాయపరిచిన సెక్షన్లు వేరుగా ఉన్నాయి. మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో తెచ్చినట్టు మూఢాచారాల మీద ప్రత్యేక చట్టం ఇక్కడ లేకపోయినా ఇవి చాలు. గోడ రాతలు, కరపత్రాలు, యూట్యూబ్‌లో క్యాన్సర్, షుగరు, పక్షవాతం నయం చేస్తామని ప్రకటిస్తే 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద నేరం. ఆ చట్టంలో మంత్రం, తాయెత్తు, కవచం అన్న మాటలే ఉన్నాయి. దీనికి పోలీసులతో పాటు ఔషధ నియంత్రణ శాఖ డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్‌కు కూడా రాయొచ్చు. చదువు లేకుండా ఇంజెక్షన్లు, సెలైన్లు ఎక్కిస్తుంటే తెలంగాణ వైద్య మండలికి.

ఫోన్‌పే చెల్లింపుల స్క్రీన్‌షాట్లు, ఫోను రికార్డింగులు, కరపత్రం ఫొటో, మిగిలిన పొడి, ఆసుపత్రి రిపోర్టులు తేదీల వారీగా పెట్టండి. నగదు ఇచ్చి ఉంటే వెంట ఉన్న ఇద్దరి పేర్లు రాయండి. పొడిని ఫ్రిజ్‌లో కాకుండా పొడి డబ్బాలో, మూత మీద తేదీ అంటించి దాచండి. ఫిర్యాదు ఇచ్చినప్పుడు మీ కాపీ మీద స్టేషన్ ముద్ర వేయించుకోండి. ఎఫ్ఐఆర్ కట్టకపోతే పోలీస్ కమిషనర్‌కు లేదా జిల్లా ఎస్పీకి అదే ఫిర్యాదును రిజిస్టర్డ్ పోస్టులో పంపండి.